అద్భుతకథలు: చదువుటయు, చదివించుటయు

మంచి ఫలము చేతికి దొరకినప్పుడు దానిని తోడివానికి పంచిపెట్టక తినుట సజ్జనునకు కష్టము. మంచి కథ చదివినవాని స్థితియు నట్టిదే. అయితే ఒక భేదము గలదు. ఫలమును పంచినచో మన భాగము తగ్గును. కథను పంచినచో మన భాగము తగ్గదు సరికదా, రెండింతలగును. మిత్రుడు దానిని చదివి వచ్చి, మనము గమనింపని విశేషమును మనకు చూపును.

విద్యార్థులారా! విరామసమయమున చెట్లక్రింద మీరు చేరినపుడు “ఏమి చదువుచున్నావు? ఎవరు వ్రాసిరి? దాని తరువాతి భాగమున్నదా?” అని యొకరినొకరు అడుగుచుందురు. ముఖ్యముగా అద్భుతకథలయందు మీకు ప్రీతి మెండు. ఈ ప్రశ్నలు చిన్నవిగా దోచును. గాని వీని వెనుక పెద్ద సంగతి యొకటి గలదు. పుస్తకములు వానియంతట నవి ఒక చేతినుండి మఱియొక చేతికి పోవు. ఎవరో యొకరు “ఇది చదువుము” అని చెప్పినగాని అవి కదలవు. తగని పుస్తకమును తగనివానికి చెప్పినయెడల ఆ బాలుడు పది పుటలు చదివి విసిగి, పుస్తకములనిన నింతేయని తలచి, చదువుటయే మానివేయవచ్చును. తగిన పుస్తకమును ఎవరికిని చెప్పక యూరకున్నయెడల ఆ పుస్తకమే లోకమునుండి మాయమగును. ఈ రెండు నష్టములను తప్పించుటెట్లో ఈ పాఠమున విచారింతము.

1. అద్భుతకథ యననేమి?

లోకమున జరుగనేరని సంగతులను, జరిగినవని మనస్సు నమ్మునట్లు చెప్పునది అద్భుతకథ. ఎగురు గుఱ్ఱములు, మాటలాడు చిలుకలు, అదృశ్యులగు మనుష్యులు, మాయామందిరములు ఇందుండును. అంతమాత్రముచేత రచయిత తన యిష్టము వచ్చినట్లెల్ల వ్రాయవచ్చునని తలంపరాదు. బాలనాగమ్మకథలో మాయలఫకీరు ప్రాణము చిలుకయందున్నదని వినియున్నారు గదా! ఒకసారి ఆ మాట చెప్పిన పిమ్మట కథ ముగియువరకు ఆ ప్రాణమచ్చటనే యుండవలెను. ఫకీరునకు కష్టము వచ్చినదని దానిని వేఱొకచోటికి మార్చినచో కథ చెడును. రచయిత తన నియమమును తానే తప్పినయెడల దానిని ముందుగా కనిపెట్టువాడు పండితుడు గాడు, పదేండ్ల బాలుడు. కావున మంచి అద్భుతకథను చదువుట బుద్ధికి వ్యాయామము.

ఈ విద్య మన భాషకు క్రొత్త గాదు. 16వ శతాబ్దమున పింగళి సూరన కళాపూర్ణోదయమను ప్రబంధమును రచించి, నంద్యాల కృష్ణరాజునకు అంకితమిచ్చెను. నంద్యాల మన రాయలసీమలోనిదే. ఇతర కవులు పురాణములనుండి కథలను గైకొనుచున్న కాలమున సూరన తానే యొక అపూర్వకథను కల్పించెను. ద్వారకలోని కలభాషిణి ఆకాశమున పోవుచున్న రంభానలకూబరులను చూచుటతో కథ యల్లుకొనును. పిమ్మట ఒకరి రూపమును వేఱొకరు ధరింతురు. ఇద్దఱు రంభలు ఎదురెదురుగా నిలిచి వాదులాడుకొందురు. ముందు జరిగినది వెనుకను, వెనుక జరిగినది ముందును తెలియుచుండును. ఏ చిక్కు ఎచ్చట విడిపోవునో చివరివఱకు చదివినగాని తెలియదు. 2002వ సంవత్సరమున వెల్చేరు నారాయణరావుగారును డేవిడ్ షుల్మన్ గారును దీనిని ఆంగ్లమున ప్రకటించుటచే అన్యదేశీయులును చదువగలిగిరి. నాలుగు శతాబ్దములు దాటిన పిమ్మట ఇరువురు పాఠకులు “ఇది చదువుడు” అని లోకమునకు చెప్పిరన్నమాట.

19వ శతాబ్దము చివర కందుకూరి వీరేశలింగము పంతులుగారు ఆంగ్లభాషలో స్విఫ్టు వ్రాసిన గలివరు యాత్రలను చదివి, ఆ ఫక్కిని సత్యరాజా పూర్వదేశయాత్రలను రచించిరి. తాము చదివి ఆనందించిన దానిని తెలుగువారికి ఆ విధముగా అందించిరి. పరభాషాగ్రంథమును మనవారికి చెప్పుటయు ఒక విధమైన సూచనయే.

2. మజిలీ మజిలీకి ఒక కథ

తెలుగున అద్భుతకథల సంపుటములలో మిక్కిలి ప్రసిద్ధి కెక్కినవి కాశీమజిలీ కథలు. వీనిని రచించినవారు మధిర సుబ్బన్నదీక్షితులుగారు. వారు 1868 మొదలు 1928 వఱకు జీవించిరి. ఈ కథలు 12 భాగములు.

వీని కూర్పు మన విషయమునకు మిక్కిలి తగియున్నది. మణిసిద్ధుడను యతి కాశీయాత్రకు బయలుదేరును. పూర్వకాలమున కాశీకి పోవుట సులభము గాదు. రైలు లేదు, బస్సు లేదు. నెలల తరబడి నడువవలెను. తోడు లేక పోరాదు. పశువులను కాయు గొల్లబాలుడొకడు తోడువచ్చుటకు ఒప్పుకొనును, గాని ఒక నియమము పెట్టును: దారిలో తనకు వింతగా కనబడిన దానిని గూర్చి అడిగినప్పుడెల్ల ఆ యతి దాని కథను చెప్పవలెను. అట్లు ప్రతి మజిలీయందును బాలుడు వింతనొకదానిని చూచి వచ్చి అడుగును. యతి కథ చెప్పును. ఆ కథ ముగియకముందే మఱియొక కథ పుట్టును.

ఇచ్చట గమనింపదగినదేమి? కథ చెప్పువాడు తనకు తోచినది చెప్పుట లేదు. వినువాడు చూచినదేమి, అతనికి కలిగిన ఆశ్చర్యమేమి అని తెలిసికొని, దానికి తగిన కథను చెప్పుచున్నాడు. పుస్తకమును సూచించువారందఱు ఈ యతినుండి నేర్చుకొనవలసిన మొదటి పాఠమిది. ముందు వినుము, పిమ్మట చెప్పుము.

ఈ సంపుటములలో ఒక కథ ఆధారముగా 1951లో విజయావారి పాతాళభైరవి చలనచిత్రము వెలువడినది. ఆ చిత్రమును చూచినవారెందఱో. దాని మూలము కాశీమజిలీలలో నున్నదని యెఱిగినవారు కొందఱే. చిత్రమును చూచి ఆనందించిన మిత్రునితో “దీనికి మూలమైన పుస్తకము గలదు” అని చెప్పుటయు మంచి సూచన. అయితే ఈ సంపుటములన్నియు బాలురకు తగినవి గావు. కొన్ని కథలలో శృంగారము మెండు. కావున చిన్న తరగతులవారికి పెద్దలు ఏరి చెప్పవలెను. కళాపూర్ణోదయమును సయితము విద్యార్థులు మొదట వచనసంగ్రహముగా చదువుట మేలు.

3. పేరు తెలియని ప్రియరచయిత

1947 జూలై నెలలో మదరాసునుండి చందమామ మాసపత్రిక వెలువడినది. చక్రపాణిగారును బి. నాగిరెడ్డిగారును దానిని స్థాపించిరి. నాగిరెడ్డిగారు కడప మండలమున పుట్టినవారు. తెలుగున చందమామయు, తమిళమున అంబులిమామయు ప్రారంభమై, పిమ్మట ఇతర భాషలలోనికి వ్యాపించినవి. 1952 మొదలు 1980 వఱకు కొడవటిగంటి కుటుంబరావుగారు సంపాదకత్వభారమును వహించి, బాలురకు అర్థమగు తేట తెలుగును ఆ పత్రికకు అలవఱచిరి.

ఆ పత్రికలో 1954వ సంవత్సరమున తోకచుక్క యను ధారావాహిక ప్రారంభమైనది. తరువాత మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపము, రాకాసిలోయ, పాతాళదుర్గము, శిలారథము, యక్షపర్వతము, మాయాసరోవరము, భల్లూకమాంత్రికుడు మున్నగునవి వరుసగా వెలువడినవి. ప్రతి నెల కథ సరిగా ఆపద వచ్చిన చోట నిలిచిపోవును. కథానాయకుడు కొండచఱియను వ్రేలాడుచుండగా పాఠకుడు ముప్పది దినములు వేచియుండవలెను. ఆ ముప్పది దినములు పిల్లలేమి చేయుదురు? వాడు బ్రతుకునా, చచ్చునా యని వాదించుకొందురు. ఒకడు తన యూహను చెప్పును. ఇంకొకడు దానిని ఖండించును. క్రొత్త సంచిక వచ్చిన దినమున ఎవని యూహ నిజమైనదో తేలును. ధారావాహిక నడుమ వచ్చు విరామము పాఠకులను ఒకచోట చేర్చునది. కథ యంతయు ఒక్కసారి దొరకినచో ఈ కూడిక కలుగదు.

ఈ ధారావాహికలకు “చిత్ర” యను పేర ప్రసిద్ధుడైన చిత్రకారుడు బొమ్మలు వేసెను. కాని కథలు వ్రాసినవారి పేరు మాత్రము పత్రికలో అచ్చు కాలేదు. ఆ రచయిత దాసరి సుబ్రహ్మణ్యముగారు. 1932లో జన్మించి, 1952లో చందమామ కార్యాలయమున చేరి, అర్ధశతాబ్దికి మించి అచ్చటనే పనిచేసి, 2010లో కాలధర్మము నొందిరి. తరములకు తరములు వారి కథలను ప్రాణముగా చదివిరి, మిత్రులకు చెప్పిరి, పాత సంచికలను కుట్టించి దాచుకొనిరి. అయినను “మీకు ప్రియమైన రచయిత యెవరు?” అని అడిగినచో వారు చెప్పగల పేరు లేకపోయెను. పిల్లలుగా చదివి పెద్దలైన పాఠకులు పిమ్మట ఆరాతీసి, పాత సంచికలను వెదకి ఒకరికొకరు అందించుకొని, వారి పేరును పైకి తెచ్చిరి. వారి ధారావాహికలలో కొన్ని పుస్తకములుగను వెలువడినవి.

చందమామ అచ్చు 2013 నాటికి నిలిచిపోయినది. అంగడిలో క్రొత్త సంచిక దొరకదు. ఇప్పుడా కథలు బ్రదికియున్నవనిన దానికి కారణము చదివినవారు చదువనివారికి చెప్పుటయే. పత్రిక పోయినను పాఠకుని నాలుక పోలేదు. కావున మీరు పుస్తకమును పేర్కొనునప్పుడు రచయిత పేరును తప్పక చెప్పుడు. అన్నము పెట్టిన చేతిని తలచుకొనుట మన మర్యాద. కథ పెట్టిన చేతిని తలచుకొనుటయు నట్టిదే.

4. పదేండ్ల బాలుని అభిప్రాయము

ఇట్టి సంగతులు పరదేశములందును గలవు. 1916వ సంవత్సరమున ఇంగ్లాండులో సి. ఎస్. లూయిస్ అను యువకుడు రైలునిలయమందలి పుస్తకముల దుకాణమున జార్జి మెక్డొనాల్డు వ్రాసిన అద్భుతకథ నొకదానిని కొనెను. అప్పటికతనికి పదునేడేండ్లు. చదివిన వెంటనే ఐర్లాండులోని మిత్రుడైన ఆర్థర్ గ్రీవ్సునకు ఉత్తరము వ్రాసి, దానిని తప్పక సంపాదించి చదువుమని చెప్పెను. ఆ యిరువురి స్నేహము పుట్టినదియు పుస్తకమువలననే. 1914లో ఉత్తరదేశపు పురాణకథల పుస్తకము ఒకటి ఇరువురకును ఇష్టమని తెలిసి, ఆ దినమునుండి మిత్రులైరి.

లూయిస్ పెద్దవాడై ఆక్స్ఫర్డు విశ్వవిద్యాలయమున ఉపాధ్యాయుడయ్యెను. అచ్చట టోల్కీన్ అను పండితుడు అతనికి స్నేహితుడు. వీరును మఱికొందఱును లూయిస్ గదిలో రాత్రివేళ కూడి, తాము వ్రాయుచున్న దానిని ఒకరికొకరు చదివి వినిపించుకొనుచుండిరి. పొగడుటయే గాక, తప్పులనుగూడ మొగమోటము లేక చెప్పుకొనుచుండిరి.

టోల్కీన్ తన పిల్లలకొఱకు హాబిట్ అను కథను వ్రాసెను. 1936లో అది ప్రకాశకుడైన స్టాన్లీ అన్విన్ వద్దకు చేరెను. ఆయన పెద్ద పండితులను అడుగలేదు. పిల్లల పుస్తకమునకు పిల్లలే న్యాయాధిపతులని తలచి, తన కుమారుడు రేనరునకు దానిని చదువనిచ్చెను. ఆ బాలునికప్పుడు పదేండ్లు. అభిప్రాయము వ్రాసియిచ్చినందుకు ఒక షిల్లింగు కూలి. రేనరు కథను కొలది మాటలలో సంగ్రహించి, అందు పటములున్నవి గనుక వేఱు బొమ్మలు అక్కఱలేదనియు, 5 మొదలు 9 ఏండ్ల పిల్లలకు అది నచ్చుననియు వ్రాసెను. తాను పదేండ్లవాడు గనుక తనకంటె చిన్నవారికి దానిని నిర్ణయించెను కాబోలు! 1937 సెప్టెంబరులో పుస్తకము వెలువడినది. లూయిస్ పత్రికలో దానిని మెచ్చుకొనుచు వ్రాసెను.

ఆ బాలుడే పెరిగి తండ్రి సంస్థలో చేరి, టోల్కీన్ వ్రాసిన లార్డ్ ఆఫ్ ది రింగ్స్ అను పెద్ద గ్రంథమును 1954, 1955 సంవత్సరములలో మూడు సంపుటములుగా ప్రకటింపజేసెను. దానివలన వేయి పౌనులు నష్టము రావచ్చునని తెలిసియు, గ్రంథము గొప్పదని నమ్మి వెనుదీయలేదు. మన తోకచుక్క ప్రారంభమైనదియు ఆ 1954లోనే యనుట జ్ఞాపకముంచుకొనదగినది.

మీ మాటకు విలువ లేదని ఎన్నడును తలంపకుడు. పదేండ్ల బాలుడు నిజాయితీగా వ్రాసిన కొలది పంక్తులు ఒక పుస్తకమునకు ద్వారము తెఱచినవి.

5. సంపుటముల వరుస

అద్భుతకథలు తఱచుగా అనేక సంపుటములుగా నుండును. వానిని సూచించువాడు ఏది మొదట చదువవలెనో చెప్పకున్నచో మిత్రుడు నడుమ పుస్తకమును చేపట్టి తికమకపడును.

సంపుటములు మూడు విధములు. మొదటి విధము ఒకే కథను విడదీసినది. లార్డ్ ఆఫ్ ది రింగ్స్ అట్టిది. మొదటిది విడిచి రెండవది చదువరాదు. రెండవ విధము ఒక దారమున గ్రుచ్చిన పూసలవంటిది. కాశీమజిలీలలో ప్రయాణమను దారము ఒక్కటే. ఒక మజిలీకథను విడిగా చదివినను రుచించును. మూడవ విధము ఒకే రచయిత వ్రాసిన వేఱువేఱు కథలు. తోకచుక్క చదువకయే కంచుకోటను చదువవచ్చును.

కొన్నిటి విషయమున వరుసనుగూర్చియే వాదము గలదు. లూయిస్ 1950 మొదలు 1956 వఱకు నార్నియా దేశమునుగూర్చి ఏడు పుస్తకములు వెలువరించెను. మొదట వెలువడినది సింహమును మంత్రగత్తెయు నున్న కథ. కాని ఆ దేశము పుట్టిన వృత్తాంతమును 1955లో ఆఱవదానిగా వెలువరించెను. కథాకాలమునుబట్టి చదువవలెనా, అచ్చయిన వరుసను చదువవలెనా? అమెరికాలో ఒక బాలునికిని అతని తల్లికిని ఈ విషయమున భేదాభిప్రాయము కలిగెను. బాలుడు రచయితకే జాబు వ్రాసెను. 1957లో లూయిస్ బదులిచ్చుచు, తాను బాలుని పక్షమువైపే మొగ్గుచున్నాననియు, అయినను వరుస అంత ముఖ్యము గాకపోవచ్చుననియు తెలిపెను. తల్లి నొప్పింపక, బాలుని నిరాశపఱపక చెప్పిన ఆ సమాధానము చూడుడు! పుస్తకములనుగూర్చి వాదించునపుడు మనమును అట్టి సౌమ్యతను అలవఱచుకొనవలెను.

6. సూచించు విధము

ఇక అభ్యాసమునకు వత్తము. ఈ క్రింది రెండు సూచనలను పోల్చి చూడుడు.

మొదటిది: “తోకచుక్క చాల బాగున్నది. అంత బాగున్న కథ లోకమున లేదు. నీవు తప్పక చదువవలెను. చదువకున్న నీతో మాటలాడను. చివర ఏమగునో తెలియునా? చెప్పెద వినుము.”

రెండవది: “మిత్రమా, నీకు సముద్రయానములనిన ఇష్టమని యెఱుగుదును. అందుచే తోకచుక్క యను కథను చదువుమని కోరుచున్నాను. దాసరి సుబ్రహ్మణ్యముగారు వ్రాసినది. కుండలినీద్వీపపు సేనాని సమరసేనుడు ఇందు ముఖ్యుడు. ఏకాక్షి, చతుర్నేత్రుడు అను మాంత్రికులకు ఘోరమైన వైరము. వారి నడుమ చిక్కిన సేనాని ఏమి చేయునో నీవే తెలిసికొనుము. ఇందు మనుష్యుల మనస్సులనుగూర్చిన వివరణము తక్కువ, సాహసములు మెండు. ప్రతి ప్రకరణము ఆపదలో నిలుచును గనుక రాత్రివేళ మొదలుపెట్టకుము. మీ తమ్ముడు భూతములకు భయపడును గదా, వానికి పగటివేళ చదివి వినిపింపుము. ఇది నీకు నచ్చినచో తరువాత ముగ్గురు మాంత్రికులను చదువవచ్చును. నచ్చకున్న ఎందుకు నచ్చలేదో నాకు చెప్పుము.”

మొదటి దానిలో పొగడ్త గలదు, సమాచారము లేదు. బలవంతము గలదు, ఆహ్వానము లేదు. పైగా చివరి రహస్యమును దోచుకొన్నది. రెండవదానిలో ఆఱు గుణములు గలవు: మిత్రుని అభిరుచిని తలచుట, రచయిత పేరు చెప్పుట, కథ ఎట్టిదో కొలదిగా తెలుపుట, లోపమును దాచకుండుట, ఎవరికి తగదో హెచ్చరించుట, తరువాత చదువదగినది చూపుట. ఇవిగాక, నచ్చకపోవుటకు స్వాతంత్ర్య మిచ్చుటయు గలదు. మనకు నచ్చినది మిత్రునికి నచ్చకున్న అది అవమానము గాదు. కాకరకాయ కూర ఇంటిలో నందఱకు నచ్చునా?

రేనరు ప్రకాశకునికి వ్రాసినప్పుడు కథ ముగింపునుగూడ చెప్పెను. అది తప్పు గాదు. పుస్తకమును అచ్చువేయువాడు ముగింపు తెలియక నిర్ణయింపజాలడు. చదువబోవు మిత్రునికి మాత్రము ముగింపు చెప్పరాదు. ఎవరికి చెప్పుచున్నామో తెలిసి చెప్పుటయే వివేకము.

7. తలిదండ్రుల సందేహము

“మాంత్రికులు, రాక్షసులు, మాయలు! ఈ యబద్ధములు పిల్లలకెందుకు?” అని కొందఱు తలిదండ్రులు అడుగుదురు. ఈ సందేహమును త్రోసివేయరాదు. ఇది పాతది, సద్భక్తులకును కలిగినది.

1678లో జాన్ బన్యన్ యాత్రికుని ప్రయాణమును ప్రకటించెను. అందు నిరాశ యను రాక్షసుడు యాత్రికులను తన కోటలో బంధించును. రెక్కలు గల అపొల్లుయోను త్రోవ కడ్డము నిలుచును. వ్రాతప్రతిని మిత్రులకు చూపగా కొందఱు అచ్చువేయుమనిరి, కొందఱు వలదనిరి. ఇట్టి కల్పితకథ మేలుచేయునా యని వారి సందేహము. మిత్రులు రెండుపక్షములైరి గనుక తానే నిర్ణయింపవలసి, ప్రకటించితినని బన్యన్ పీఠికలో తెలిపెను. ఆ పుస్తకము తెలుగునకును వచ్చి, ఎన్నో క్రైస్తవగృహములలో చదువబడినది. పరిశుద్ధగ్రంథమున న్యాయాధిపతుల పుస్తకము 9వ అధ్యాయమున యోతాము చెప్పిన కథలో చెట్లు తమకు రాజు కావలెనని మాటలాడుకొనును. చెట్లు మాటలాడవని వినువారెఱుగుదురు. అయినను దానిలోని సత్యము వారికి నేరుగా తగిలినది. కల్పన వేఱు, అసత్యము వేఱు. మోసగింపవలెనని చెప్పునది అసత్యము. ఇది కథ యని ఒప్పుకొని చెప్పునది కల్పన.

అయినను తలిదండ్రుల జాగ్రత్తకు చోటు లేకపోలేదు. కొన్ని పుస్తకములలో క్రౌర్యము మితి మీరును. కొందఱు పిల్లలు పాఠములు విడిచి కథలలో మునుగుదురు. దీనికి మందు పుస్తకమును లాగికొని దాచుట గాదు. “ఆ కథ నాకును చెప్పుము” అని యడుగుడు. బిడ్డ చెప్పునప్పుడు దానిలో నేమున్నదో మీకు తెలియును. చెప్పుటచే బిడ్డకు భాష పట్టువడును. మీ బాల్యమున మీ అవ్వ చెప్పిన కథనొకదానిని బదులు చెప్పుడు. ఒకే యింట రెండు తరములు పుస్తకములను ఇచ్చిపుచ్చుకొన్నచో కాపలా అక్కఱలేదు.

8. మన మండలమున చేయదగిన పని

మన చిత్తూరు సీమకు ఒక విశేషము గలదు. నగరి, పుత్తూరు, చిత్తూరు, కుప్పము ప్రాంతములలో ఇంట తమిళము, వీధిలో తెలుగు మాటలాడువారున్నారు. పలమనేరు, కుప్పము వైపు కన్నడమును వినబడును. చందమామయు అంబులిమామయు ఒకే కథలను రెండు లిపులలో తెచ్చినవి. కావున ఇట్టి ఊళ్లలో ఇరుగుపొరుగు పిల్లలు వేఱువేఱు భాషలలో ఒకే కథను చదివి మాటలాడుకొను అవకాశము గలిగెను. ఇట్టి భాగ్యము ఇతర మండలములవారికి తఱచుగా దొరకదు. మీకు తమిళమున చదువు మిత్రుడున్నచో అతని అద్భుతకథలను అడిగి తెలిసికొనుడు, మీవి చెప్పుడు.

గ్రంథాలయములను మఱువకుడు. 1914లో బెజవాడయందు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడినది. 1931లో మదరాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకుడైన ఎస్. ఆర్. రంగనాథన్ గారు గ్రంథాలయశాస్త్రమునకు అయిదు సూత్రములను ప్రకటించిరి. ప్రతి పాఠకునికి తగిన పుస్తకము దొరకవలెననియు, ప్రతి పుస్తకమునకు తగిన పాఠకుడు దొరకవలెననియు వానిలో రెండింటి భావము. మనము ఇంతవఱకు చెప్పుకొన్నదంతయు ఈ రెండింటిలో నిమిడియున్నది. మన ప్రాంతము మదరాసు రాజధానిలో నున్న 1948లో పౌరగ్రంథాలయ శాసనము వచ్చినది. గ్రంథాలయమున పుస్తకములను వరుసగా పెట్టి కాపాడు ఉద్యోగి యుండును. గాని మీ మిత్రుని అభిరుచిని అతడెట్లు ఎఱుగును? దానిని ఎఱిగినవారు మీరే.

మన జిల్లా రచయితలనుగూడ తెలిసికొనుడు. కె. సభాగారు ఈ సీమ పల్లెల భాషను ఎఱిగి బాలురకొఱకు కథలు వ్రాసిరి. మీ యూరి ముసలివారి నోట నున్న రాక్షసుల కథలు, ఏడుమల్లెల యెత్తు రాజకుమారి కథలు ఇంకను అచ్చునకు ఎక్కనివి ఎన్నియో గలవు. వానిని విని వ్రాసికొనుడు. చెప్పినవారి పేరును క్రింద వ్రాయుడు. పేరు వ్రాయక పోవుటచే కలుగు నష్టమును పైన చూచితిమి.

ప్రతి తరగతిలోను ఒక నోటుపుస్తకమును పెట్టుకొనవచ్చును. చదివిన కథ, రచయిత, ఎవరికి తగును అను మూడు సంగతులు చదివినవాడు అందు వ్రాయవలెను. సంవత్సరాంతమున ఆ పుస్తకము క్రింది తరగతివారికి చేరవలెను. దానికి వ్యయము స్వల్పము. ఫలము మాత్రము మీరు పాఠశాల విడిచిన పిమ్మటను నిలుచును. మీరెఱుగని బాలుడొకడు మీ వ్రాతను చూచి పుస్తకమును చేపట్టును. మీరును ఎవరో చెప్పగా చదివినవారే గదా!

అభ్యాసము

1. మీకు ప్రియమైన అద్భుతకథను ముగింపు చెప్పక పది పంక్తులలో ఒక మిత్రునికి సూచింపుడు.
2. అదే కథను ప్రకాశకునికి తెలుపుచున్నట్లు వ్రాయుడు. రెండింటికి గల భేదమేమి?
3. మీకు మిక్కిలి నచ్చిన పుస్తకమందలి లోపమునొకదానిని చెప్పుడు.
4. మీ యింటి పెద్దలనడిగి, వారు మీ వయస్సున చదివిన లేక వినిన అద్భుతకథ నొకదానిని వ్రాసికొనుడు. చెప్పినవారి పేరు వ్రాయ మఱువకుడు.